20వ తేదీ దాటేదాకా సంతోషానికి సెలవేనా?

ప్రశ్న: ఖాతాపుస్తకం

నేను మాదాపూర్‌లో ఒక నిర్మాణ సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. ఉండేది ఊరికి అవతలి వైపున్న దిల్‌సుఖ్‌నగర్‌లో. ఈ రెండు పేర్లూ చెబితే హైదరాబాద్ వాళ్లకు నా రోజులో సగం అర్థమైపోతుంది. మిగతా సగం చెప్పుకోవడానికే ఇక్కడికి వచ్చాను.

మా నెలకు వారాలు ఉండవు, గడువు తేదీలే ఉంటాయి. 7వ తేదీకి టీడీఎస్, అంటే చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను, కట్టాలి. 11కి జీఎస్‌టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను, 20కి 3బీ అనే పన్ను రిటర్ను. అవి అయ్యాయి, ఇక ఊపిరి పీల్చుకుందాం అనుకునేసరికి జీతాల లెక్కలు, సబ్ కాంట్రాక్టర్ల బిల్లులు, నెలాఖరు. మళ్లీ 7. మధ్యలో సైటు నుంచి ఫోను: "మేడం, సిమెంటు లారీ గేటు దగ్గరే ఆగింది, డబ్బు పడలేదంటున్నాడు." ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నాకు నేను చెప్పుకునే మాట ఒకటే: "20 దాటనీ, అప్పుడు చూద్దాం." ఏం చూద్దామని అనుకున్నానో 21 వచ్చేసరికి గుర్తుండదు.

ఆదివారం సంగతి అడగకండి. అది ఇడ్లీ పిండికి, వారం బట్టలకు, మా అబ్బాయి బడిలో ఇచ్చిన ప్రాజెక్టుకు చెందిన రోజు.

నిజానికి నాకు పెద్ద కష్టాలేమీ లేవు. ఇంట్లో వాళ్లు మంచివాళ్లే. మేనేజరు రాక్షసుడు కాడు. జబ్బు లేదు, అప్పు ఉంది గానీ అందరికీ ఉన్నంతే. "మరి ఇంకేం కావాలమ్మా నీకు?" అని మా అత్తగారు అడిగారు. ఆమె తప్పుగా అడగలేదు, నేను జవాబు చెప్పలేకపోయాను. పొద్దున 7:40కి గుమ్మం దాటినప్పటి నుంచి రాత్రి 8కి మళ్లీ చెప్పులు విడిచేదాకా ఆ రోజులో నాదంటూ ఏదీ లేదన్నది నా బాధ. దాన్ని కష్టం అని పిలవడానికి కూడా నాకు మొహమాటంగా ఉంది.

మా ఆఫీసులో కిందటేడు "ఆనంద వారోత్సవం" అని ఒకటి జరిపారు. బెలూన్లు కట్టారు. ఒక గోడకు రంగు కాగితాలు అంటించి, మీకు సంతోషం కలిగించేది ఏమిటో రాయండి అన్నారు. ఒకాయన "జీతం" అని రాశాడు. మరునాటికి ఆ కాగితం లేదు. ఆటలకు పోయిన గంటల పనిని ఆ వారమంతా రాత్రిళ్లు కూర్చుని పూర్తిచేసింది మాత్రం మేమే.

కాబట్టి దయచేసి యోగా, డైరీ, గ్రీన్ టీ చెప్పకండి. నేను అడిగేది ఒకటే. పని జరుగుతుండగానే, ఆ గంటల్లోనే సంతోషంగా ఉండేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉంటే ఏ వేళలో, దేనివల్ల? సలహా వద్దు. మీ రోజు చెప్పండి.


జవాబు: బ్రహ్మముహూర్తం

అమ్మా, సలహా వద్దన్నారు గానీ అనుభవం మీద చెబుతున్నాను. 4 గంటలకు లేవండి. నేను 5 కల్లా కేబీఆర్ పార్కు దగ్గర ఉంటాను. లోపలి నుంచి నెమళ్ల కూతలు వినిపిస్తాయి. ఒక చుట్టు నడిచి వచ్చి, పేపరు చదివి, టిఫిను చేసి కాసేపు పడుకుంటే రోజంతా ఉత్సాహమే.


ఖాతాపుస్తకం

బాబాయ్ గారూ, "టిఫిను చేసి కాసేపు పడుకుంటే" అన్న చోటే మనిద్దరి దారులూ వేరయ్యాయి. నేను 4కి లేస్తే మా ఇంట్లో ఇంకో కూర అదనంగా తయారవుతుంది, అంతే.


జవాబు: చిల్లరలేదు

చెల్లీ, నీకంటే పెద్దదాన్నే అయివుంటాను కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. సికింద్రాబాద్, మెహదీపట్నం మధ్య తిరిగే సిటీ బస్సు. ఉద్యోగమంతా నిలబడే గడిచింది, నా కంటే ముందు నా మోకాళ్లు రిటైరయ్యేలా ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం అయింది కదా, అప్పటి నుంచి ఎక్కినవాళ్లంతా నన్ను అడిగే మాట ఒకటే: "ఇక మీకేం పని అక్కా, అన్నీ జీరో టికెట్లేగా?" జీరో టికెట్ కూడా మిషన్‌లో కొట్టి చేతికి ఇవ్వాల్సిందే. కార్డు చూడాల్సిందే. జనం పెరిగారు, చిల్లర గొడవ తగ్గింది. ఆ గొడవ తగ్గినందుకు నాకెంత హాయిగా ఉందో నేనిక్కడ పెట్టుకున్న పేరు చూస్తే తెలియడం లేదూ!

నా రోజు చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను.

మొదటి షిఫ్టు పడిన వారాల్లో తెల్లవారకముందే బస్సు మెహదీపట్నంలో ఉంటుంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో సరుకు కొనుక్కున్నవాళ్లు ఆ వేళకు ఎక్కుతారు. బంతి మూటలు, చామంతి మూటలు, తడి గోనె సంచిలో మల్లెలు. కాసేపు బస్సులో డీజిలు వాసన అన్నదే ఉండదు. వాళ్లలో ఒకావిడ ఎక్కినప్పుడల్లా మూరెడు మల్లెలు నా చేతిలో పెట్టి, మూటకు లగేజీ టికెట్ లేకుండా చూడమంటుంది. పూలకు డబ్బిస్తాను, మూటకు టికెట్ కొడతాను. ఆవిడ తిడుతుంది, నేను నవ్వుతాను. ఆ రెండూ అయ్యాకే మా ఇద్దరికీ తెల్లవారినట్టు.

తరువాత రద్దీ. రద్దీలో సంతోషం ఏముంటుందని అడుగుతావేమో, నాకు ఎక్కువగా దొరికేది అక్కడే. నేనొక ఆట ఆడతాను. మనిషి ఎక్కగానే, నోరు విప్పకముందే, ఎక్కడ దిగుతారో నాలో నేను అనుకుంటాను. ప్లాస్టిక్ కవర్లో సర్టిఫికెట్లు పెట్టుకుని, దాన్ని గుండెకు హత్తుకున్న పిల్లలు మాసాబ్ ట్యాంక్. అర్జీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్న పెద్దమనిషి సచివాలయం. పసిబిడ్డను తువ్వాలులో చుట్టుకుని, పక్కన ఒక ముసలమ్మ సంచితో ఎక్కితే నిలోఫర్ ఆసుపత్రి. వాళ్లకు స్టాపు పేరు కూడా తెలియదు, "పిల్లల దవాఖానా" అని మాత్రం అంటారు. లక్డీకాపూల్‌లో దింపి, ఏ వైపు నడవాలో చెయ్యి చూపించి, వాళ్లు రోడ్డు దాటేదాకా డ్రైవరును ఆగమంటాను. వెనక హారన్లు మోగుతాయి. మోగనీ. ఒక్కోసారి నా అంచనా తప్పుతుంది. సచివాలయం అనుకున్నాయన ట్యాంక్‌బండ్ మీద దిగి, బుద్ధుడి విగ్రహం వైపు తిరిగి ఫొటో తీసుకుంటూ నిలబడతాడు. అప్పుడు ఇంకా బాగుంటుంది.

ట్యాంక్‌బండ్ అంటే గుర్తొచ్చింది. రాణీగంజ్ దాటి బండ్ ఎక్కేసరికి చాలావరకు టికెట్లు కొట్టడం అయిపోతుంది. అక్కడ స్టాపులు తక్కువ. చెయ్యి పై కడ్డీ మీద, ముఖం చెరువు వైపు. గాలి తగులుతుంది. ఎండాకాలంలో ఆ గాలితో వాసన కూడా వస్తుంది, అబద్ధం ఎందుకు. అయినా ఆ కాస్త దూరం నేను ఎవరితోనూ మాట్లాడను. "టికెట్, టికెట్" అని అరిచే గొంతుకు అది విశ్రాంతి. మా డ్రైవరుకు తెలుసు, ఆయన కూడా అక్కడ నన్ను పలకరించడు.

షిఫ్టు దిగాక డిపోలో డబ్బు కట్టాలి. మిషన్ ఒక మొత్తం చెబుతుంది, నా సంచిలో ఒక మొత్తం ఉంటుంది. నోట్లు దులిపి, నాణేలు వేరుచేసి లెక్కపెడతాను. తగ్గితే మన చేతి డబ్బే. రూపాయి తేడా లేకుండా సరిపోయిందనుకో, ఆ తరువాత ఇంటికి వెళ్లే బస్సులో సీటు దొరక్కపోయినా నాకు బాధ ఉండదు.

నీది లెక్కల ఉద్యోగం. తేదీలు రాశావు, లారీ రాశావు, బెలూన్లు కూడా రాశావు. లెక్క సరిపోయినప్పుడు ఎలా ఉంటుందో మాత్రం ఎక్కడా రాయలేదు. మీకు అదేమీ ఉండదా?


జవాబు: వాయిదా

కండక్టరు గారు రాసింది రెండుసార్లు చదివాను, బాగుంది. కానీ పూలు, గాలి అంటూ అందరం మురిసిపోతుంటే అసలు ప్రశ్న పక్కకు పోతుంది. నేను కార్మిక చట్టాల కేసులు చూసే వకీలును, నాకు తోచింది అడుగుతాను. రాత్రి 8కి ఇల్లు చేరడం రోజూ ఉందా, గడువు రోజుల్లోనేనా? అదనపు గంటలకు డబ్బిస్తున్నారా?

మన రాష్ట్రంలో దుకాణాలు, సంస్థలకు వర్తించే చట్టం 1988 నాటిది. దాని ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. అంతకు మించి పనిచేయిస్తే ఆ గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలి. 2025 జూలైలో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా అనుమతించింది గానీ, వారానికి 48 అన్న హద్దును అలాగే ఉంచింది. మధ్యలో అరగంట విరామం లేకుండా 6 గంటలకు మించి పనిచేయించకూడదని కూడా అందులో ఉంది. అయితే మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవారికి మినహాయింపులు ఉన్నాయి. అందుకే చాలా చోట్ల గుమాస్తా పని చేసేవారికి కూడా పెద్ద హోదా పేరు తగిలిస్తారు. మీ నియామక పత్రంలో ఏముందో ఒకసారి తీసి చూడండి.

సంతోషంగా ఉండవద్దని నేను అనడం లేదు. యాజమాన్యం తగ్గించాల్సిన గంటలను ఉద్యోగి చిన్న చిన్న ఆనందాలతో భరించడం నేర్చుకుంటే, ఆ గంటలు ఎప్పటికీ తగ్గవు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఎంతో ఓర్పు ఉన్నవాళ్లే. ఆ ఓర్పు వల్లే ఆలస్యంగా వస్తారు.


జవాబు: బండరాయి

నేను భూముల సర్వేయర్ని. మీ ఆఫీసు మాదాపూర్ అన్నారు కాబట్టి రెండు మాటలు. దుర్గం చెరువు చుట్టుపక్కల ఇంకా మిగిలిన గ్రానైటు బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మా ప్లాన్లలో అలాంటి వాటి పక్కన "తొలగించవలసినవి" అని రాస్తుంటాం. రాసే ముందు నేను వాటి నీడలో కూర్చుని డబ్బా విప్పి అన్నం తింటాను. నా రోజులో బాగుండేది అదే. అంతకు మించి వివరించడం నాకు రాదు.


జవాబు: డిగ్రీ మాష్టారు

సైకాలజీ పాఠాలు చెబుతాను. లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వచ్చి బేగంపేటలో దిగుతాను. నా రోజు చెప్పే ముందు, కండక్టరు గారి చివరి ప్రశ్న నన్ను కుర్చీలోంచి లేపింది కాబట్టి దాని గురించి.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యురాలు థెరిసా అమబిలే, స్టీవెన్ క్రామర్ కలిసి 7 కంపెనీల్లో 238 మంది ఉద్యోగుల చేత రోజూ సాయంత్రం ఆ రోజు ఏం జరిగిందో రాయించారు. అలా దాదాపు 12,000 రోజుల రాతలు పోగయ్యాయి. ఫలితాలను 2011లో పుస్తకంగా తెచ్చారు. మనసు బాగున్న రోజుల్లో అన్నింటికంటే ఎక్కువగా కనిపించింది మెచ్చుకోలూ కాదు, బహుమతీ కాదు. చేస్తున్న పని ఒక అడుగు ముందుకు కదలడం. అడుగు చిన్నదైనా సరే, ఆ పనికి ఒక అర్థం ఉందని మనిషికి అనిపిస్తే చాలు. నాకు బాగా నచ్చేది దాని తరువాతి భాగం. ఉద్యోగులకు ఉత్సాహం ఇచ్చేవి ఏవో వరుసగా పేర్చమని దాదాపు 700 మంది మేనేజర్లను అడిగితే, ఇదే అంశాన్ని వాళ్లు అట్టడుగున పెట్టారు. బెలూన్లు ఎక్కడి నుంచి వస్తాయో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

కండక్టరు గారి ఆటకు కూడా ఒక లెక్క ఉంది. 2010లో కిలింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు 2,250 మందిని ఫోన్ల ద్వారా వేళ కాని వేళల్లో పలకరించి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, ఎలా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు వేరే ఎక్కడో ఉంది. అలా ఉన్నప్పుడు వాళ్లు తక్కువ సంతోషంగా ఉన్నారు. మనసు హాయైన ఆలోచనల్లోకి పోయినా, చేస్తున్న పని మీద ఉన్నప్పటి కంటే ఎక్కువ సంతోషమేమీ దక్కలేదు. ఎక్కేవాళ్ల సంచులు, చొక్కా జేబులు చూస్తూ నిలబడిన మనిషికి మనసు ఇంకో చోటికి పోవడానికి తీరిక ఉండదు. ఆమె ఏ అధ్యయనమూ చదవకుండానే అది కనిపెట్టారు. నేను ఇన్నేళ్లుగా పాఠం చెబుతూ కూడా బండిలో ఫోను చూసుకుంటూనే కూర్చుంటాను.

రైళ్ల గురించి కూడా ఒక ప్రయోగం ఉంది. 2014లో ఎప్లీ, ష్రోడర్ అనే పరిశోధకులు షికాగోలో రోజూ రైల్లో తిరిగేవాళ్లలో కొందరిని పక్కనున్న అపరిచితుడితో మాట్లాడమన్నారు, కొందరిని మౌనంగా ఉండమన్నారు. మాట్లాడినవాళ్ల ప్రయాణమే బాగా గడిచింది. అలా మాట్లాడితే విసుగ్గా ఉంటుందని జనం ముందే అనుకుంటారట, అది తప్పని తేలింది. నేనూ ఉత్సాహపడి లింగంపల్లి బండిలో పక్కాయనను పలకరించాను. హైటెక్ సిటీ స్టేషన్ వచ్చేలోపు ఆయన నాకు ఒక బీమా పాలసీ అమ్మబోయాడు. ఇవి అమెరికా లెక్కలు. అమీర్‌పేటలో మెట్రో బండి మారే జనం మధ్య నిలబడతాయని నేను హామీ ఇవ్వను.

నా రోజులో సంతోషం మూడో గంట క్లాసు. భోజనానికి ముందు గంట అది, పిల్లలు ఆకలి మీద ఉంటారు. ఆ గంటలో వాళ్ల చేత ఒక్క ప్రశ్న వేయించగలిగితే నాకు చాలు. ఎప్పుడూ మాట్లాడని కుర్రవాడు ఒకడు ఈ మధ్యే లేచి, "సార్, మీరు చెప్పింది తప్పేమో" అన్నాడు. ఆ సాయంత్రం నా నడక తీరే వేరు.

వకీలు గారితో నాకు పేచీ లేదు. అమబిలే చెప్పిన అడుగు ముందుకు పడాలంటే మనిషికి కాస్త నిద్ర ఉండాలి. అది గంటల సంగతే.


ఖాతాపుస్తకం

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. గడువు తేదీల మధ్య కాస్త ఖాళీ దొరికింది, వరుసగా చెబుతాను.

అక్కా, ముందు మీ ప్రశ్న. ఉంటుంది. ఎందుకు రాయలేదో నాకే తెలియదు. మొన్న నెలాఖరు లెక్కల్లో ఒక సిమెంటు సరఫరాదారు ఖాతా మా పుస్తకాల్లో ఒకలా, వాళ్లు పంపిన స్టేట్‌మెంటులో ఒకలా ఉంది. తేడా 3,600. మా విభాగంలో కొత్తగా చేరిన సిద్దిపేట అబ్బాయి పొద్దుటి నుంచి ఒక్కో బిల్లూ పట్టి చూస్తున్నాడు, ముఖం వాడిపోయింది. నేను వెళ్లి తేడాను 9తో భాగించమన్నాను. 400 వచ్చింది, శేషం లేదు. లెక్కలు రాసేవాళ్లకు ఇది పాత చిట్కా. తేడా 9తో నిశ్శేషంగా పోతే ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండవచ్చు. అయితే బిల్లులన్నీ కాదు, అంకెలు అటూ ఇటూ అయ్యే వీలున్నవే చూడు అన్నాను. కాసేపటికి దొరికింది. 27,350 బిల్లు 23,750 అని ఎక్కింది. ఆ అబ్బాయి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. పక్క విభాగం వాళ్లు ఎవరి పుట్టినరోజో అనుకుని కేకు కోసం వచ్చారు.

ఆ క్షణం నాకు ఎంతో బాగుంది అక్కా. నిజంగా బాగుంది. ఈ చిట్కా నాకు చెప్పిన పాత హెడ్ అకౌంటెంటు గారు గుర్తొచ్చారు. ఆయన కాలిక్యులేటర్ వాడేవారు కాదు. తేడా దొరికిన రోజు కిందికి తీసుకెళ్లి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించేవారు. దొరకని రోజున కూడా చాయ్ ఉండేది గానీ బిస్కెట్లు ఉండేవి కావు. ఆయన రిటైరయ్యాక మా దగ్గర ఆ అలవాటు పోయింది. లెక్క సరిపోతుంది, ఫైలు మూస్తాం, తరువాతిది తెరుస్తాం. మొన్న తెరవలేదు. ఆ అబ్బాయిని తీసుకుని కిందికి వెళ్లాను. మా వీధిలో ఇరానీ హోటల్ లేదు, బండి మీద అల్లం టీ. బిస్కెట్లు గాజు సీసాలోవి, మెత్తబడ్డాయి. ఆ అబ్బాయి "మేడం, ఇంకో తేడా ఎక్కడైనా ఉందా?" అని అడిగాడు. ఉండకేం, జీఎస్‌టీ పోర్టల్‌లో కొనుగోళ్ల పన్ను లెక్కకూ మా పుస్తకాలకూ మధ్య బోలెడు ఉన్నాయి. 20 లోపు అన్నీ వాడికే ఇస్తాను.

వకీలు గారూ, నియామక పత్రం తీశాను. "అసిస్టెంట్ మేనేజర్" అనే ఉంది. నా కింద పనిచేసేది ఆ ఒక్క అబ్బాయి, వాడికీ ఎగ్జిక్యూటివ్ అని పేరు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా విభాగంలో నలుగురం కలిసి మేనేజరును అడిగాం, గడువుకు ముందు మూడు రోజులూ అందరం కూర్చోవడం కాకుండా వంతులు వేసుకుంటామని. ఆయన "చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" వెనక ఏముందో నాకు బాగా తెలుసు, నేనూ చాలాకాలంగా అదే వాడుతున్నాను. అందుకే మాట మీద వదలకుండా మెయిల్ పెట్టాను, నలుగురి పేర్లతో. వంతుల పట్టిక కూడా మేమే వేసి జతచేశాం, ఆయనకు ఆలోచించే పని లేకుండా.

మాష్టారు గారూ, షికాగో వాళ్లు క్షమించాలి, నేను ఎవరినీ పలకరించలేను. పొద్దున ఆ వేళకు నా నోట్లోంచి మాట రాదు. కానీ అక్క ఆట మాత్రం మొదలుపెట్టాను, కొంచెం స్వార్థంతో. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కేసరికి ఎల్బీనగర్ నుంచి వచ్చే బండి నిండే ఉంటుంది. నేను బండి మారే అమీర్‌పేటకు ముందే ఎవరు దిగుతారో కనిపెట్టి వాళ్ల దగ్గర నిలబడితే సీటు దొరుకుతుంది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో స్టీలు టిఫిను డబ్బా సంచి, వయసు యాభై దాటితే అసెంబ్లీ లేదా లక్డీకాపూల్. ఇది చాలావరకు తప్పడం లేదు. తెల్ల కోటు మడిచి సంచి మీద వేసుకున్న పిల్లలు ఉస్మానియా మెడికల్ కాలేజీ. పెద్ద సూట్‌కేసు ఉంటే ఎంజీబీఎస్ బస్టాండు లేదా నాంపల్లి రైల్వే స్టేషన్, బస్సో రైలో అన్నంత వరకే అనుమానం. కోచింగ్ పుస్తకాల సంచి ఉన్నవాళ్ల దగ్గర నిలబడి లాభం లేదు, వాళ్లూ అమీర్‌పేటలోనే దిగుతారు.

బండరాయి గారూ, మా ఆఫీసు వెనక కిటికీ నుంచి ఒక బండ కనిపిస్తుంది. దాని మీద ఎవరో ఫోన్ నంబరు వేసి "ప్లాట్లు అమ్మబడును" అని రాశారు. 250 కోట్ల ఏళ్ల తరువాత దానికి ఆ పని దొరికింది.

నాకు ఇంకా తేలనిది నల్లకోటు ఒకటే. నల్లకోటు వేసుకున్నవాళ్లు రోజూ ముగ్గురు నలుగురు ఉంటారు. హైకోర్టుకు వెళ్లేవాళ్లయితే ముందే దిగిపోతారు, నాంపల్లి కోర్టులకైతే ఇంకా ఆగాలి. ఇద్దరూ ఒకేలా కనిపిస్తున్నారు. వకీలు గారూ, ఇది మీ శాఖే. గుర్తుపట్టే దారి ఏమైనా ఉందా?


వాయిదా

ఉంది. చేతి మీద గౌను మడతపెట్టుకుని ఉంటే హైకోర్టు. అక్కడ గౌను తప్పనిసరి, కింది కోర్టుల్లో కాదు. వాళ్లు ఎంజీబీఎస్‌లోనో దాని తరువాతి స్టేషన్‌లోనో దిగుతారు, మలక్‌పేట దాటగానే మీరు దగ్గరకు జరగవచ్చు. గౌను సంచిలో దాచుకునేవాళ్ల విషయంలో నేనేమీ చేయలేను. మెయిల్‌కు జవాబు రాకపోతే మాత్రం ఇక్కడ చెప్పండి.